‘నా చేతిలో ఏముంది?’: ఉద్యోగుల శ్రేయస్సును ఎక్కడ వెతకాలి

తెలుగునాట ఏ కార్యాలయానికి వెళ్లినా, అది మండల రెవెన్యూ కార్యాలయం కావచ్చు, మాదాపూర్‌లోని అద్దాల భవనం కావచ్చు, కార్పొరేట్ ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ కావచ్చు, ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది: ‘నా చేతిలో ఏముందండీ?’ ఆగిపోయిన ఫైలు గురించి అడిగినా, రద్దయిన సెలవు గురించి అడిగినా, అర్ధరాత్రి దాటాక ముగిసే షిఫ్టు గురించి అడిగినా ఇదే జవాబు. వినేవాళ్లకు అది బాధ్యత తప్పించుకునే మాటగా తోస్తుంది. కానీ ఆ మాట అన్నవాళ్లలో ఎక్కువమంది ఉన్నదున్నట్టే చెబుతున్నారు. పనిచేసే మనిషి మనసు ఎప్పుడు కుదుటపడుతుంది, ఎప్పుడు వాడిపోతుంది అన్న ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రం అరవై ఏళ్లుగా వెతికి తెలుసుకున్నదాంట్లో అతి విలువైన భాగం ఈ చిన్న మాట చుట్టూనే ఉందని నేను అనుకుంటున్నాను. మనిషి వికసించే స్థితిని అధ్యయనం చేసే పాజిటివ్ సైకాలజీ పేరుతో మన సంస్థల్లో నడుస్తున్న కార్యక్రమాల్లో మాత్రం ఆ భాగమే కనిపించడం లేదు.

ఓ మోస్తరు పెద్ద సంస్థలన్నీ ఇప్పుడు ఉద్యోగుల శ్రేయస్సు కోసం ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాయి. ధ్యానం నేర్పే యాప్‌కు చందా కడతాయి, యోగా దినోత్సవం జరుపుతాయి, ఒత్తిడిని తట్టుకోవడం ఎలాగో చెప్పే వెబినార్లు పెడతాయి, సహోద్యోగులకు కృతజ్ఞతలు రాసి అంటించడానికి ఒక గోడను కేటాయిస్తాయి. వీటి వెనుక ఉన్న ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. మానవ వనరుల విభాగాల్లో మనసు పెట్టి ఇవన్నీ చేసేవాళ్లను నేను ఎరుగుదును. నా అభ్యంతరమల్లా ఒక్కటే: ఈ కార్యక్రమాలన్నీ ఉద్యోగి తలలో ఉన్నదాన్ని మార్చాలని చూస్తాయి, అతని చేతిలో ఉన్నదాని జోలికి మాత్రం వెళ్లవు. ఈ శాస్త్రం పుట్టుక తెలిసినవాళ్లకు ఇది బాధ కలిగించే విషయం. ఎందుకంటే అది మొదలైందే, చేతిలో ఏమీ లేని ప్రాణి ఎలా ప్రవర్తిస్తుందో గమనించడంతో.

1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు యువ పరిశోధకులు కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. ఇవాళ అలాంటి ప్రయోగానికి అనుమతి దొరకడం కష్టం, దొరకకపోవడమే మంచిది. కొన్ని కుక్కలకు విద్యుత్ షాక్ తగిలినప్పుడు తలతో ఒక పలకను నొక్కితే అది ఆగిపోయేది. మరికొన్ని కుక్కలకు సరిగ్గా అంతే షాక్, అంతే సేపు తగిలేది గానీ, అవి ఏం చేసినా ఆగేది కాదు. తర్వాత ఆ కుక్కలను మధ్యలో చిన్న అడ్డుగోడ ఉన్న పెట్టెలో ఉంచారు. గోడ దూకితే చాలు, షాక్ తప్పుతుంది. మొదటి గుంపు దూకింది. రెండో గుంపులో ఎక్కువ కుక్కలు ప్రయత్నమైనా చేయకుండా షాక్‌ను భరిస్తూ ఉండిపోయాయి. రెండు గుంపులూ పడిన బాధ సమానమే. తేడా అల్లా, దాన్ని ఆపే వీలు ఒక గుంపుకు ఉంది, మరో గుంపుకు లేదు. ఈ స్థితికి వాళ్లు ‘నేర్చుకున్న నిస్సహాయత’ అని పేరు పెట్టారు.

ఎంత బాధపడినా చతికిలపడని కొన్ని జంతువులూ ఆ ప్రయోగాల్లో కనిపించాయి. వాటి గురించిన ఆలోచనే సెలిగ్‌మన్‌ను ఆశావాదం మీద పరిశోధనకు, అక్కడి నుంచి 1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడి హోదాలో ఇచ్చిన పిలుపు దాకా నడిపించింది. మనిషికి వచ్చే మానసిక రుగ్మతలనే కాక, మనిషి వికసించే స్థితిని కూడా శాస్త్రీయంగా అధ్యయనం చేయాలన్నది ఆ పిలుపు. పాజిటివ్ సైకాలజీ అంటే అదే. సంతోషం, నిమగ్నత, అనుబంధాలు, అర్థం, సాఫల్యం అనే ఐదు అంశాలతో 2011లో ఆయన ప్రతిపాదించిన నమూనాను నాయకత్వ శిక్షణకు వెళ్లినవాళ్లలో చాలామంది తెర మీద చూసే ఉంటారు.

శిక్షణ తరగతుల్లో అంతగా వినబడని విషయం 2016లో జరిగింది. తొలి ప్రయోగానికి యాభై ఏళ్లు నిండబోతున్న వేళ మేయర్, సెలిగ్‌మన్ కలిసి తమ సిద్ధాంతాన్ని తామే తిరగరాశారు. మేయర్ ఈలోగా నాడీశాస్త్రం వైపు వెళ్లి, ఎలుకల మెదడులో ఇదంతా ఎలా జరుగుతోందో ఏళ్ల తరబడి గమనించారు. తేలిందేమిటంటే, నిస్సహాయత నేర్చుకునేది కాదు. ఎడతెగని బాధ ఎదురైనప్పుడు కుంగి ఊరుకోవడం ప్రాణికి సహజంగా వచ్చే స్పందన. నేర్చుకునేది దానికి విరుగుడును, అంటే ‘నేను చేసే పనికి ఫలితం ఉంది’ అన్న ఎరుకను. మెదడు ముందు భాగంలోని ఒక ప్రాంతం ఆ ఎరుకను పట్టుకున్నప్పుడే, మెదడు అడుగు భాగంలో పుట్టే ఆ కుంగుబాటును అదుపు చేయగలుగుతుంది. ఆ ఎరుక ఉపన్యాసం వింటే కలిగేది కాదు. ఒక్కసారైనా పలక నొక్కి, షాక్ ఆగడం చూసిన ప్రాణికే అది కలుగుతుంది.

ఎలుకల మెదడు నుంచి నేరుగా మనుషుల ఆఫీసులోకి దూకడం తొందరపాటే. అయినా ఈ సవరణ నాయకత్వాన్ని చూసే మన చూపును మార్చగలదు. ‘మా టీమ్‌లో చొరవ లేదు, ఎవరూ ముందుకు రారు’ అని వాపోయే మేనేజర్లు మనకు కొల్లలుగా కనిపిస్తారు. చొరవ లేకపోవడం ఆ మనుషుల్లోని లోపమని వాళ్ల నమ్మకం, కాబట్టి దాన్ని శిక్షణతో సరిచేయవచ్చని ఆశ. నిజానికి తమ ప్రయత్నానికి ఫలితం చూడని మనుషులు ఊరుకోవడమే సహజం. చొరవ చూపినవాళ్లను ఎత్తిచూపి ‘ఆయన్ను చూసి నేర్చుకోండి’ అనడం కన్నా ముందు, మిగిలినవాళ్లకు నొక్కడానికి ఒక పలక ఉందా అని అడగాలి.

మనుషుల విషయంలోనే ఆధారం కావాలంటే లండన్‌కు వెళ్లాలి. యాదృచ్ఛికంగా అదే 1967లో, బ్రిటన్ ప్రభుత్వ కార్యాలయాలుండే వైట్‌హాల్‌లో సుమారు 18,000 మంది పురుష ఉద్యోగుల ఆరోగ్యం మీద ఒక దీర్ఘకాల అధ్యయనం మొదలైంది. పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లకే ఒత్తిడి ఎక్కువ, గుండెపోట్లు ఎక్కువ అని అప్పటి నమ్మకం, ఇప్పటికీ మనలో చాలామందికి ఆ నమ్మకమే. జరిగింది పూర్తిగా వేరు. హోదాలో ఒక్కో మెట్టు దిగేకొద్దీ గుండెజబ్బుతో మరణించే ముప్పు పెరుగుతూ వచ్చింది. అట్టడుగున ఉన్న బంట్రోతులు, ద్వారపాలకులకు ఆ ముప్పు పైస్థాయి అధికారుల కన్నా దాదాపు మూడు రెట్లు. పొగతాగడం, రక్తపోటు, కొలెస్ట్రాల్ వంటివి ఈ తేడాలో కొంత భాగాన్నే వివరించగలిగాయి. వైద్య పరిశోధకుడు మైఖేల్ మార్మోట్ నాయకత్వంలో 1985లో మొదలైన రెండో అధ్యయనం మహిళలను కూడా కలుపుకొని 10,308 మందిని పరిశీలించింది. తన పనిని ఎప్పుడు, ఎలా, ఏ క్రమంలో చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువగా ఉన్నవాళ్లకు గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువని ఆ బృందం 1997లో ప్రచురించిన ఫలితాలు చెప్పాయి. ఇలాంటి సమాచారం నుంచి కారణాన్ని వేరుచేసి చూపడం సులువు కాదు, దాని మీద చర్చ ఉంది. అయినా జీతం పడే ఉద్యోగం, పింఛను భరోసా అన్నీ ఉన్న మనుషుల మధ్యే ఇంత తేడా కనిపించిందంటే, పనిమీద పట్టు అనేది మనసుకు మాత్రమే సంబంధించిన సౌకర్యమని ఎవరూ అనలేరు.

ఇది నాకు పుస్తకాల్లో దొరకడానికి ముందే అనుభవంలోకి వచ్చింది. చాలా ఏళ్ల కిందట హైదరాబాద్‌లో, అమెరికా సమయాలకు నడిచే ఒక బ్యాక్ ఆఫీసులో నేను కొంతకాలం పనిచేశాను. మా బృందం రోస్టర్ శుక్రవారం సాయంత్రం మెయిల్‌లో వచ్చేది. సోమవారం నుంచి ఎవరికి సాయంత్రం లాగిన్, ఎవరికి రాత్రి లాగిన్ అన్నది అప్పటిదాకా తెలిసేది కాదు. ఊళ్లో పెళ్లి ఉన్నా, పిల్లాడికి పదో తరగతి పరీక్షలున్నా, శుక్రవారం దాకా ఊపిరి బిగపట్టుకోవడమే. మెయిల్ వచ్చాక మార్చమని అడిగితే టీమ్ లీడ్ చెప్పే మాట మీకు తెలుసు, ఈ వ్యాసం దానితోనే మొదలైంది.

కొన్నాళ్లకు కొత్త టీమ్ లీడ్ వచ్చారు. వచ్చిన రెండో వారంలో ఆమె రోస్టర్ షీటును మా అందరికీ తెరిచి ఇచ్చి, ‘ఏ షిఫ్టుకు ఎంతమంది కావాలో నేను రాస్తాను, ఎవరెవరన్నది మీరే రాసుకోండి’ అన్నారు. అంతకు మించి ఆమె చేసిందేమీ లేదు. మనుషులు వాళ్లే, గంటలు అవే, క్యాబులు అవే. నైట్ అలవెన్సు కోసం రాత్రి షిఫ్టే కావాలనుకునే కుర్రాళ్లు ఉన్నారని, రంజాన్ నెలలో సహరీ వేళకు ఇంట్లో ఉండాలనుకునే సహోద్యోగి ఏడాదిగా నోరు తెరిచి అడగలేదని మాకు అప్పుడే తెలిసింది. శనివారాల మీద తగవులు కూడా వచ్చాయి. రెండు మూడు వారాలు గట్టిగానే వాదించుకున్నాం. ఆమె తీర్పు చెప్పడానికి ఒప్పుకోలేదు, మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒంట్లో బాగోలేదంటూ లాగిన్‌కు గంట ముందు వచ్చే మెసేజ్‌లు దాదాపుగా ఆగిపోయాయి. ఆమె బదిలీ అయ్యాక వచ్చిన వ్యక్తి, అజమాయిషీ లేకుండా పోయిందని షీటును మళ్లీ తన దగ్గరకు తీసుకున్నారు. ఆయన చెడ్డవారు కారు, పుట్టినరోజులకు కేకు తెప్పించేవారు, ఎవరికైనా కష్టమొస్తే ఆసుపత్రికి కూడా వచ్చేవారు. కానీ ఆ మెసేజ్‌లు తిరిగి మొదలయ్యాయి.

ఉద్యోగి బాగుంటే పని బాగుంటుందా అన్న సందేహం యాజమాన్యాలకు ఎప్పుడూ ఉంటుంది. దీనికి దొరికిన మంచి ఆధారాల్లో ఒకటి బ్రిటన్ టెలికాం సంస్థ బీటీ కాల్ సెంటర్లలో జరిగింది. సుమారు 1,800 మంది సిబ్బంది ఆరు నెలలపాటు వారం వారం తమ మనఃస్థితిని ముఖాల బొమ్మల మీద నొక్కి తెలియజేశారు. కిటికీలోంచి కనిపించే వాతావరణంలోని మార్పులను వాడుకుని, సంతోషం ప్రభావాన్ని మిగతా కారణాల నుంచి ఆక్స్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్-ఇమాన్యుయెల్ డె నెవ్ బృందం వేరుచేయగలిగింది. సంతోషంగా ఉన్న వారాల్లో వాళ్ల అమ్మకాలు సుమారు 13 శాతం ఎక్కువగా ఉన్నాయి. అందులో నన్ను ఆకట్టుకున్న అంశం మరొకటి: ఆ వారాల్లో వాళ్లు ఎక్కువ గంటలు పనిచేయలేదు, ఉన్న గంటల్లోనే మాట్లాడిన మనుషులతో మెరుగ్గా మాట్లాడారు. లాభం వస్తుంది కాబట్టే ఉద్యోగిని బాగా చూసుకోవాలన్న వాదన నాకు రుచించదు. లాభం రాని ఏడాదిలో ఆ వాదన ఏమవుతుందో అందరికీ తెలుసు. అయినా లెక్కలడిగేవాళ్లకు చూపడానికి లెక్క ఉందన్నది నిజం.

మరి యాప్‌లు, వెబినార్ల సంగతి? ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో నిర్మొహమాటంగా ఉంది. బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది ఉద్యోగుల సమాచారాన్ని ఆయన పరిశీలించారు. ఒత్తిడి తట్టుకునే శిక్షణ, ధ్యానం తరగతులు, నిద్ర, శ్రేయస్సు యాప్‌ల వంటివాటిలో పాల్గొన్న ఉద్యోగులు, పాల్గొనని సహోద్యోగుల కన్నా ఏ విధంగానూ మెరుగ్గా లేరు. స్వచ్ఛంద సేవకు వీలు కల్పించడం ఒక్కటే కాస్త మేలు చేసినట్టు కనిపించింది. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయం తన ఉద్యోగుల్లో సుమారు 5,000 మందితో, ఎవరికి కార్యక్రమం అందాలన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించి జరిపిన ప్రయోగం 2019లో ఇలాంటి నిరాశనే మిగిల్చింది. ధ్యానం వ్యర్థమని దీని అర్థం కాదు. ఇష్టపడి చేసేవాళ్లకు అది ఎంతో ఇస్తుంది. కానీ శుక్రవారం దాకా తన వచ్చే వారం ఏమిటో తెలియని మనిషికి దాన్ని మందుగా రాసివ్వడం, వైద్యం తప్పు మనిషికి చేయడమే. ఆ సందర్భంలో చికిత్స అవసరమైంది రోస్టర్‌కు.

చేతిలో పట్టు అంటే సమయం ఒక్కటే కాదు. నోరు తెరవగలగడం కూడా అందులో భాగమే. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను అధ్యయనం చేస్తూ, కలిసికట్టుగా పనిచేసే నర్సుల బృందాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఊహించారు. లెక్కలు చూస్తే మంచి బృందాల్లోనే ఎక్కువగా నమోదయ్యాయి. తవ్వి చూడగా అసలు సంగతి బయటపడింది: ఆ బృందాల్లో పొరపాటు జరిగితే చెప్పడానికి ఎవరూ భయపడటం లేదు, మిగతా చోట్ల దాస్తున్నారు. 1999లో ఆమె దీన్ని ‘మానసిక భద్రత’ అనే భావనగా రూపొందించారు. తర్వాత గూగుల్ తన 180 బృందాలను పరిశీలించినప్పుడు, మంచి బృందాన్ని మిగతావాటి నుంచి వేరుచేసే గుణాల్లో ఇదే మొదటి స్థానంలో నిలిచింది.

ఈ భావన సాఫ్ట్‌వేర్ బృందాలకే పరిమితమైనట్టు మన దగ్గర మాట్లాడుకుంటున్నారు. దాని అవసరం అంతకన్నా ఎక్కువగా ఉన్నది ఫ్యాక్టరీల్లో. అమెరికా అల్యూమినియం సంస్థ ఆల్కోవాకు 1987లో అధిపతిగా వచ్చిన పాల్ ఓనీల్, మదుపరులతో జరిగిన తొలి సమావేశంలో లాభాల గురించి కాక కార్మికుల భద్రత గురించి మాట్లాడారు. గాయాలే లేని కంపెనీని చేయడం తన లక్ష్యమన్నారు. పైవాళ్లు పట్టించుకోకపోతే తన ఇంటికే ఫోన్ చేయమని కార్మికులకు చెప్పారు. విషవాయువు పీల్చి కార్మికులు అస్వస్థులైన సంఘటనను పైకి చెప్పని ఒక ఉన్నతాధికారిని, ఆయన విభాగం లాభాల్లో ఉన్నా, తొలగించారు. గాయంతో పనిదినం కోల్పోయిన ఘటనలు ఏడాదికి ప్రతి వంద మందికి 1.86 నుంచి 2000 నాటికి 0.2కు తగ్గాయి. ఆ కాలంలో కంపెనీ లాభాలూ భారీగా పెరిగాయి. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా ఫ్యాక్టరీలో 17 మంది, 2025 జూన్‌లో పాశమైలారంలో పదుల మంది మరణించారు. ఆ ప్రమాదాల కారణాలను, బాధ్యులను తేల్చవలసింది విచారణలు, న్యాయస్థానాలు. నేను అడగదలచుకున్నది మన పారిశ్రామికవాడలన్నింటికీ వర్తించే ఒక ప్రశ్న: కాంట్రాక్టర్ కింద రోజుకూలీకి పనిచేసే మనిషికి రియాక్టర్ దగ్గర వాసన తేడాగా అనిపిస్తే, పని ఆపమని ఎవరికి చెప్పగలడు, చెప్పాక మర్నాడు అతనికి పని ఉంటుందా? ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన కార్మికుడికి ఆ మాట చెప్పడానికి ఉమ్మడి భాష అయినా ఉందా? శ్రేయస్సు గురించిన చర్చ ఇక్కడి నుంచి మొదలుకాకపోతే అది ఎయిర్ కండిషన్డ్ గదుల చర్చగానే మిగులుతుంది.

పాజిటివ్ సైకాలజీకి దగ్గరగా ఉన్న మరో అందమైన పరిశోధన పారిశుద్ధ్య సిబ్బంది మీద జరిగింది. ఎమీ రెజ్‌నెస్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అమెరికా ఆసుపత్రిలో శుభ్రం చేసేవాళ్లతో మాట్లాడి, ఒకే పని చేస్తున్నవాళ్లలో కొందరు దాన్ని ఊడ్చి తుడిచే పనిగా, మరికొందరు రోగి కోలుకోవడంలో తమ వాటాగా చూస్తున్నారని గుర్తించారు. కోమాలో ఉన్న రోగుల గదుల్లో గోడమీది బొమ్మలను అప్పుడప్పుడు మార్చి పెట్టే ఒక ఉద్యోగి గురించి వాళ్లు చెప్పారు. ఆ మార్పు రోగికి ఎక్కడో తగులుతుందేమోనన్న ఆశతో, ఎవరూ చెప్పకుండానే ఆ ఉద్యోగి చేసిన పని అది. 2001లో వచ్చిన వాళ్ల పత్రం నుంచే, ఉద్యోగి తన పనిని తానే మలచుకోవడమనే భావన ప్రచారంలోకి వచ్చింది.

ఈ కథను విన్న ప్రతిసారీ నా మనసు ఆర్ద్రమవుతుంది, వెంటనే ఒక భయమూ కలుగుతుంది. తక్కువ జీతం ఇచ్చేవాళ్లకు ఇది చాలా అనుకూలంగా పనికొచ్చే కథ. 2023 డిసెంబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగినప్పుడు వాళ్లు అడిగింది పనిలో అర్థం కాదు, సమాన పనికి సమాన వేతనం, ఉద్యోగ భద్రత. పనిలో అర్థం వెతుక్కునే హక్కు ఉద్యోగిది. దాన్ని జీతానికి బదులుగా చూపే హక్కు యజమానికి లేదు. ఇంకొక సంగతి కూడా ఉంది: ఆ ఉద్యోగి బొమ్మలు మార్చగలిగింది, ఆ పూట ఎవరూ ఆమె నిమిషాలు లెక్కపెట్టకపోవడం వల్ల. మన ఆంధ్ర బడుల్లో ఉపాధ్యాయులు కొన్నేళ్లపాటు మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించవలసి వచ్చింది. బడి శుభ్రంగా ఉండాలన్న ఉద్దేశం మంచిదే, ఫలితంగా ఎన్నో బడుల్లో మరుగుదొడ్లు బాగుపడి ఉండవచ్చు కూడా. కానీ పాఠం చెప్పే మనిషి ఉదయాన్నే ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం తిరుగుతున్నప్పుడు, ఆయన తన వృత్తి గురించి ఏమనుకుంటాడన్నది ఆ యాప్ కొలవలేదు. 2024లో ఆ బాధ్యత నుంచి ఉపాధ్యాయులను తప్పించినప్పుడు వాళ్లలో కనిపించిన ఊరట, తగ్గిన పనిభారం వల్ల మాత్రమే వచ్చింది కాదు.

నాయకత్వం, పాజిటివ్ సైకాలజీ అన్న రెండు మాటలు కలిసి వినబడితే తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చే పేరు సత్య నాదెళ్ల. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన ఆయన 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టేనాటికి ఆ సంస్థ అంతర్గత పోటీకి పేరుమోసింది. ప్రతి బృందంలోనూ కొందరిని తప్పనిసరిగా అడుగు శ్రేణిలో పెట్టే రేటింగ్ పద్ధతి ఏళ్లపాటు నడిచి, ఆయన రావడానికి కొద్ది నెలల ముందు, 2013 నవంబరులోనే రద్దయింది. మన ఐటీ ఉద్యోగులు బెల్ కర్వ్ అని పిలుచుకునేది ఇలాంటిదే. నాదెళ్ల ఆ ఖాళీలో, స్టాన్‌ఫర్డ్ మనస్తత్వవేత్త కరోల్ డ్వెక్ ప్రతిపాదించిన ‘వికసించే మనస్తత్వం’ అన్న ఆలోచనను, అంటే సామర్థ్యం ప్రయత్నంతో పెరుగుతుందన్న నమ్మకాన్ని నాటారు. అన్నీ తెలిసినవాళ్లుగా కాక అన్నీ నేర్చుకునేవాళ్లుగా ఉందామన్నారు. ఆ నినాదం కన్నా, తర్వాతి రెండు సంఘటనలు నాకు ముఖ్యంగా తోస్తాయి. 2014 అక్టోబరులో మహిళా సాంకేతిక నిపుణుల సదస్సులో, జీతం పెంచమని అడగడం కన్నా వ్యవస్థను నమ్మడం మేలన్నట్టు ఆయన మాట్లాడారు. విమర్శలు రాగానే అదే రోజు, తాను చెప్పింది పూర్తిగా తప్పని ఉద్యోగులందరికీ రాశారు. 2016 మార్చిలో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన టే అనే చాట్‌బాట్, జనం నేర్పిన ద్వేషపు మాటలతో ఒక్క రోజులోనే పరువు తీసినప్పుడు, దాన్ని తయారుచేసిన బృందానికి, ముందుకు సాగండి, నేను మీతో ఉన్నానని రాశారు. తప్పు ఒప్పుకోవచ్చు, తప్పు చేశాక కూడా ఇక్కడ నిలబడవచ్చు అన్న సంగతిని ఉద్యోగులు పోస్టర్ల నుంచి నేర్చుకోరు, ఇలాంటి సందర్భాల నుంచి నేర్చుకుంటారు.

అదే సంస్థ 2025లో, లాభాలు పెరుగుతున్న వేళ, 15,000 మందికి పైగా ఉద్యోగులను తొలగించింది. ఆ నిర్ణయాలు తన మనసు మీద భారంగా ఉన్నాయని నాదెళ్ల జూలైలో ఉద్యోగులకు రాశారు. ఆయన చిత్తశుద్ధిని నేను ప్రశ్నించను. కానీ తాను ఎంత నేర్చుకున్నా, ఎంత బాగా పనిచేసినా తన ఉద్యోగం తన చేతిలో లేదని రెండో గుంపు కుక్కల్లా గ్రహించిన మనిషికి ఏ మనస్తత్వం బోధించగలం? డ్వెక్ సిద్ధాంతం మీద జరిగిన పెద్ద పరీక్షే దీనికి కొంత జవాబు చెబుతుంది. అమెరికా బడుల్లో సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి విద్యార్థులతో జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. ఆ నమ్మకాన్ని కలిగించే, గంటలోపు ముగిసే పాఠం వెనుకబడిన విద్యార్థుల గ్రేడ్లను కొద్దిగా, సగటున 0.1 పాయింటు పెంచింది. ఆ మేలు కూడా, కష్టమైన లెక్కను ఎంచుకున్న పిల్లలను తోటి విద్యార్థులు ప్రోత్సహించే బడుల్లో బాగా కనిపించింది. చుట్టూ ఉన్న పరిస్థితి తోడు నిలిచినచోటే విత్తనం మొలకెత్తింది.

ఈ శాస్త్రాన్ని ప్రేమించేవాళ్లు దాని పొరపాట్లను కూడా చెప్పుకోవాలి. ఒక విమర్శకు మూడు ప్రశంసలు ఉండాలన్న సూత్రం శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ వినబడుతుంది. దాని మూలం 2005లో బార్బరా ఫ్రెడ్రిక్‌సన్, మార్సియల్ లొసాడా ప్రచురించిన పత్రం. మనిషి వికసించడానికి ప్రతికూల భావాలకు సానుకూల భావాలు ఉండవలసిన నిష్పత్తి 2.9013 అని, ద్రవాల కదలికకు వాడే సమీకరణాల సాయంతో అది ప్రకటించింది. ఆ గణితంలో పస లేదని 2013లో నిరూపించినవారిలో మొదటివాడు, యాభై దాటిన వయసులో మనస్తత్వ శాస్త్రంలో పార్ట్‌టైమ్ మాస్టర్స్ చదువుతున్న నిక్ బ్రౌన్. భౌతిక శాస్త్రవేత్త అలన్ సోకల్, మనస్తత్వవేత్త హారిస్ ఫ్రీడ్‌మన్ ఆయనకు తోడయ్యారు. పత్రిక ఆ గణిత నమూనాను ఉపసంహరించింది. ఎనిమిదేళ్లపాటు పెద్దలెవరూ అడగని ప్రశ్నను ఒక విద్యార్థి అడగగలిగాడు. ఉద్యోగులతో మాట్లాడేటప్పుడు ప్రశంసలు లెక్కపెట్టుకునే మేనేజర్లు ఇక ఆ శ్రమ మానుకోవచ్చు. మనసారా ఒకటి చెప్పినా చాలు.

ఇదంతా మనకు ఇప్పుడు అత్యవసరం కావడానికి కారణం పని గంటలు. 2023లో వారానికి 70 గంటలని ఒకరు, 2025 జనవరిలో 90 గంటలని మరొకరు పారిశ్రామిక పెద్దలు పిలుపునిచ్చారు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లోనే సంయుక్తంగా చెప్పాయి. ఆ ఇద్దరు పెద్దలూ తమ జీవితంలో అన్ని గంటలు నిజంగానే పనిచేసి ఉంటారు. అయితే వాళ్ల గంటలు వాళ్ల చేతిలో ఉన్నాయి. వైట్‌హాల్‌లో కార్యదర్శికీ బంట్రోతుకూ మధ్య ఉన్న తేడా ఇదే.

2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పనిని అనుమతిస్తూ, వారానికి 48 గంటల పరిమితిని అలాగే ఉంచింది. పది గంటల చొప్పున పనిచేసి వారంలో ఒక రోజు అదనంగా ఇంట్లో ఉండగలిగితే, ఎంతోమంది ఉద్యోగులు సంతోషంగా ఒప్పుకుంటారు. నేనైనా ఒప్పుకునేవాణ్ని. ఆ పదో గంట ఎవరి ఎంపిక అన్నదే అసలు విషయం. పని ముగిశాక వచ్చే ఫోన్లకు బదులివ్వకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017లో, ఆస్ట్రేలియా 2024లో చట్టంలోకి తెచ్చాయి. మన దగ్గర అలాంటి చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేకుండా ప్రతి సంస్థా చూసుకోగలిగిన లెక్క ఒకటుంది. అదనపు గంటకు, ఆదివారం కాల్‌కు ‘నాకు కుదరదు’ అని చెప్పిన ఉద్యోగులకు ఆ ఏడాది అప్రైజల్‌లో ఏ రేటింగ్ వచ్చిందన్నదే ఆ లెక్క. దానికి కావలసిన రికార్డులన్నీ మానవ వనరుల విభాగం దగ్గర ఇప్పటికే ఉన్నాయి.